అప్‌డేట్: చెన్నై ఉద్యోగమా, రొయ్యల గుంటలా?

చెన్నైలో ఉద్యోగం మానేసి నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర నాన్న చేసే రొయ్యల గుంటలు చూసుకోవాలా వద్దా అని మిమ్మల్ని అడిగింది నేనే. తేల్చుకున్నాను. ఉద్యోగం మానలేదు, జీతం లేని సెలవు పెట్టి ఒక్క పంట నాన్నతో కలిసి చేస్తున్నా.

"వెనక్కి రాగలిగే నిర్ణయమా కాదా, ముందు అది చూడు" అని మీలో ఒకరన్నారు, దాంతోనే ముడి విడింది. నేనేమో జీవితాంతం సంగతి అనుకుని టెన్షన్ పడుతున్నా, వనామీ రకం రొయ్య అయితే సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి (పెరిగిన రొయ్యలు పట్టడం) దాకా మూడు నాలుగు నెలలే కదా, అంతవరకు ఆలోచిస్తే చాలు. అదే కొత్త గుంటల కోసం పొలం తాకట్టు పెడితే వెనక్కి రాలేం, అందుకే అది వద్దని గట్టిగా చెప్పా. నాన్న కొన్నాళ్లు సరిగ్గా మాట్లాడలేదు. కానీ 2025లో మన ఎగుమతుల మీద అమెరికా సుంకాలు 50 శాతానికి పెరిగినప్పుడు ఇక్కడి రైతులు ఎంత భయపడ్డారో మీకూ తెలుసు, అలాంటప్పుడు పొలం తాకట్టు పెట్టి ఉంటే ఏమయ్యేది?

మేత, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల కరెంటు, తెల్లమచ్చ జబ్బు వస్తే పోయే పెట్టుబడి, అన్నీ కాగితం మీద పెట్టాం, ఎంత నష్టం దాటితే ఆపేయాలో కూడా సీడ్ వదలక ముందే రాసుకున్నాం. అమ్మకి ఇంకా భయమే. పట్టుబడి అయ్యాక లెక్కలు చూసి చెన్నై సంగతి చెప్తా.