నియమించిన గవర్నరే ఎన్నికల కమిషనర్‌ను ఎందుకు తొలగించలేరు?

బ్రాడీపేట గ్రూప్స్:
జనరల్ క్లాజెస్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, నియమించే అధికారం ఉంటే సస్పెండ్ చేసే, తీసేసే అధికారమూ ఉన్నట్టే. అడ్వకేట్ జనరల్‌నీ, రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌నీ గవర్నరే నియమిస్తారు కదా, మరి 2020లో ఆంధ్రప్రదేశ్ కమిషనర్ విషయంలో హైకోర్టు ఎందుకు అడ్డుపడింది? మామూలు ఉద్యోగులకూ ఇదే సూత్రమా?

కృష్ణలంక:
ఆ సెక్షన్ మొదట్లోనే ‘వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప’ అని ఉంటుందండీ. కోచింగ్ నోట్సుల్లో ఆ ముక్క ఎగిరిపోతుంది. కాబట్టి నియమించేదెవరో చూసి ఆగకూడదు, తొలగింపు గురించి రాజ్యాంగ అధికరణం ఏమంటుందో చదవాలి.

అడ్వకేట్ జనరల్‌ (ఏజీ)కి 165(3): గవర్నర్ సమ్మతి ఉన్నంతవరకే పదవి. ఆచరణలో అది మంత్రిమండలి సలహా. అందుకే ప్రభుత్వం మారితే ఏజీ మారతారు.

కమిషనర్‌కు 243కె(2): హైకోర్టు జడ్జిని తొలగించే పద్ధతిలో, ఆ కారణాల మీదే తొలగించాలి. దుష్ప్రవర్తన గానీ అశక్తత గానీ రుజువవ్వాలి. పార్లమెంటు ఉభయసభల్లో మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు కావాలి. అసెంబ్లీకి ఇందులో పాత్రే లేదు. పైగా నియామకం తర్వాత సర్వీసు షరతులు ఆయనకు నష్టం కలిగేలా మార్చకూడదు.

2020 మార్చి 15న అప్పటి కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ఆర్డినెన్స్‌తో పంచాయతీరాజ్ చట్టం 200వ సెక్షన్ మార్చి, కమిషనర్ ఐదేళ్ల పదవీకాలాన్ని మూడేళ్లు చేశారు. రమేష్ కుమార్ 2016లో చేరారు కాబట్టి గడువు అయిపోయిందన్నారు. మర్నాడే కొత్త కమిషనర్. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్ కొట్టేసింది, జూన్‌లో సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు, జులై చివర్లో ఆయన్ను మళ్లీ నియమించారు. పార్టీలు పక్కన పెట్టి చూడండి. ఎన్నికలు జరిపే మనిషి పదవీకాలం, ఆ ఎన్నికల్లో పోటీపడే పార్టీ నడిపే ప్రభుత్వం చేతిలో ఉండనే కూడదు.

నేలపాడు రోడ్:
ఉద్యోగుల సంగతి నేను చెబుతా. 310వ అధికరణం ప్రకారం వాళ్లదీ గవర్నర్ సమ్మతి మీదున్న ఉద్యోగమే, కానీ 311 దానికి కళ్లెం. డిస్మిస్ గానీ రిమూవ్ గానీ చేసే అధికారి, నియమించిన అధికారికన్నా కింది హోదావాడు కాకూడదు. ఇక్కడే ఎక్కువ ఆర్డర్లు కోర్టులో నిలవవు. అందుకే మొదట పాత నియామక ఉత్తర్వు తీసి సంతకం ఎవరిదో చూడాలి. అప్పట్లో శాఖాధిపతి నియమించి ఉంటే, తర్వాత ఆ అధికారం జిల్లా అధికారికి అప్పగించినా ఆ జిల్లా అధికారి డిస్మిస్ చేయలేడు. విచారణ మాత్రం కిందివాళ్లు జరపవచ్చు.

311(2) కింద అభియోగాలు చెప్పి, జవాబిచ్చుకునే అవకాశం ఇవ్వాలి. క్రిమినల్ కేసులో శిక్ష పడినా, విచారణ సాధ్యం కాదని కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసినా, రాజ్య భద్రత అన్నా ఇది అక్కర్లేదు. రెండో మినహాయింపులో కారణాలు రాయకుండా ఒక్క వాక్యంతో సరిపెడితే ఆర్డర్ పోతుంది.

బ్రాడీపేట గ్రూప్స్:
కలెక్టర్‌నైతే? ఆర్టీసీ వాళ్లకీ 311 వర్తిస్తుందా సార్?

నేలపాడు రోడ్:
ఐఏఎస్‌ను రాష్ట్రం బదిలీ చేయవచ్చు, సస్పెండ్ చేయవచ్చు. డిస్మిస్ చేసేది మాత్రం కేంద్రమే, అదీ యూపీఎస్సీని సంప్రదించాక. ఆర్టీసీ కార్పొరేషన్ సిబ్బందికి 311 లేదు, వాళ్లకు సంస్థ రెగ్యులేషన్లే. 2020 జనవరి 1న ప్రజా రవాణా శాఖలో విలీనమై ప్రభుత్వోద్యోగులైనవాళ్ల లెక్క వేరు.