అప్‌డేట్: నడినెత్తిన గుండు ఉన్న ఆ బ్యాండ్ దొరికింది

పోయిన వారం అడిగాను కదా, నల్లబట్టలు, మెడలో తాడు, నడినెత్తిన గుండుతో ఆ పాత వీడియోలో వాయిస్తున్నది ఎవరని? వాళ్లు ‘ది మాంక్స్’, అంటే సన్యాసులు. చెప్పినవాళ్లకు థాంక్స్. జర్మన్లేమో అనుకున్నా, కాదు, జర్మనీలో డ్యూటీ చేసిన ఐదుగురు అమెరికన్ సైనికులు. మొదట్లో పేరు ‘టార్కేస్’. నేను గిటారనుకుని బుర్ర బద్దలు కొట్టుకున్న ఆ టకటక శబ్దం బాంజోదట, గిటారులాంటి తీగల వాయిద్యం! బ్యాండ్‌లోని డేవ్ డే దానికి మైకులు తగిలించి వాయించాడు. తాడేమో టైకి బదులు. స్టేజీ దిగినా గుండు దాచుకోలేరుగా, బజారుకెళ్లినా సన్యాసులే. 1966లో ‘బ్లాక్ మాంక్ టైమ్’ ఆల్బమ్ తెచ్చి, మరుసటేడే విడిపోయారు. 1999లో న్యూయార్క్‌లో మళ్లీ కలిసి వాయించారు. ఇప్పుడు ఆ రికార్డింగ్ కోసం వెతుకుతున్నా.