పాత్‌వే డేటా, గణిత నమూనాలు: రెండింటికీ ఒకే ఫార్మాట్ ఉండాలా?

ఎంజైమ్‌ప్రియ:
కణంలోని రసాయన చర్యల డేటాబేస్ రియాక్టోమ్ నుంచి ఒక పాత్‌వే (వరుసగా జరిగే చర్యల గొలుసు) బయోపాక్స్ ఫైల్‌గా దించుకున్నాను, అది పాత్‌వే డేటా రాసే ఫార్మాట్. సిమ్యులేషన్‌కి ఎస్‌బీఎంఎల్ (గణిత నమూనాల ఫార్మాట్) కావాలి కాబట్టి కన్వర్టర్‌తో మార్చాను. ఫైల్ తెరుచుకుంటోంది కానీ రన్ అవడం లేదు. ఇన్ని ఫార్మాట్లు దేనికి? అందరూ కూర్చుని ఒక్కటే ఖాయం చేసుకోవచ్చు కదా?

గణితకణం:
ఒక్కటి చేయకూడదనే నా వాదన. ఏది దేనితో కలిసి ఏమవుతుంది, ఏ ఎంజైము చేయిస్తుంది, ఆధారం ఏ పేపర్లో ఉంది: బయోపాక్స్ చెప్పేది ఇది. ఆ చర్య ఎంత వేగంతో జరుగుతుందో ఎస్‌బీఎంఎల్ చెప్పగలదు. బయోపాక్స్‌లో వేగ సమీకరణాలే ఉండవు. లేని సంఖ్యల్ని కన్వర్టర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? మీ ఫైల్ రన్ అవకపోవడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. టూసింక్ బృందం 2000లో ప్రచురించిన ఈస్ట్ గ్లైకాలిసిస్ (గ్లూకోజు విచ్ఛిన్నం) నమూనా చూడండి, నమూనాల భాండాగారం బయోమోడల్స్‌లో 64వ నంబరు. పాత్‌వే డేటాబేసుల్లో డైహైడ్రాక్సీఅసిటోన్ ఫాస్ఫేట్, గ్లిసరాల్డిహైడ్ ఫాస్ఫేట్ వేర్వేరు పదార్థాలు. ఈ నమూనాలో రెండూ కలిసి 'ట్రయో' అనే ఒకే చలరాశి, ఎందుకంటే అవి ఒకదాంట్లోకి ఒకటి చాలా వేగంగా మారిపోతాయి. కణానికి శక్తినిచ్చే అణువు ఏటీపీ సంగతి మరీ విచిత్రం. అక్కడ ఉన్నది 'పీ', అంటే ఏటీపీ మోతాదుకు రెండింతలు ప్లస్ ఏడీపీ (ఏటీపీ ఒక ఫాస్ఫేట్ కోల్పోతే మిగిలేది) మోతాదు. ఏటీపీ ఎంతో దాన్నుంచి లెక్కగట్టాలి. ఈ 'పీ'కి సమానమైన అణువు ఏ కణంలోనూ లేదు! దీన్ని ఏ ఎంట్రీకి అతికిస్తారు?

అందుకే రెండింటినీ విడిగా ఉంచి, కెబీ (రసాయనాల డేటాబేస్), యూనిప్రాట్ (ప్రోటీన్ల డేటాబేస్) నంబర్లతో ముడివేయాలి. ఆ ముడి నిజం చెప్పాలి. 'ట్రయో'కి 'ఈజ్' (ఇది అదే) అని పెడితే తప్పు, 'హ్యాజ్ పార్ట్' (ఇందులో అది ఒక భాగం) అని పెట్టి రెండు నంబర్లూ ఇవ్వాలి.

రేపటిల్యాబ్:
గణితకణం గారూ, పీహెచ్‌డీ పిల్లలకి అంత టైమెక్కడిది? పాత్‌టుమోడల్స్ ప్రాజెక్టు 2013లోనే పాత్‌వే డేటా నుంచి 1,40,000కి పైగా నమూనాల్ని ఆటోమేటిక్‌గా తయారుచేసింది. చేత్తో చేస్తే ఎన్ని తరాలు పట్టేది?

గణితకణం:
ఆ పని మీద నాకు గౌరవం ఉందండీ. అవి అస్థిపంజరాలు, అలాగే వాడితే బ్రహ్మాండంగా పనికొస్తాయి. నా భయమల్లా కొలవని విలువ కొలిచిన విలువ పక్కన కూర్చోవడం గురించే. ఫైల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. 2021లో ఒక బృందం 455 ప్రచురిత నమూనాల్ని పరీక్షిస్తే, పేపర్లో ఇచ్చిన సమాచారంతో 49 శాతం నమూనాల్లో ఫలితాలు తిరిగి రాలేదు. మనుషులు శ్రద్ధగా రాసినవాటి గతే ఇది. ఊహించి నింపిన సంఖ్యల్ని ఎవరు పట్టుకుంటారు?

రేపటిల్యాబ్:
అయితే కన్వర్టర్ నింపిన ప్రతి విలువకీ 'డిఫాల్ట్' అని గుర్తు పెడితే ఒప్పుకుంటారా?

గణితకణం:
తప్పకుండా. ఆ గుర్తు లేని ఫైల్ని మాత్రం వాడను.

ఎంజైమ్‌ప్రియ:
మరి 'ట్రయో' లాంటివి నా నమూనాలో ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

గణితకణం:
ముందు అనొటేషన్లలో, అంటే చలరాశులకు తగిలించిన ఆ డేటాబేస్ ముడుల్లో, ఒక చలరాశికి రెండు మూడు నంబర్లు ఉన్నాయేమో చూడండి. తర్వాత అసైన్‌మెంట్ రూల్స్ (ఒక విలువను మిగతావాటి నుంచి లెక్కగట్టే సూత్రాలు) తెరవండి, 'పీ' లాంటివి అక్కడ దొరుకుతాయి. అప్పటికీ తేలకపోతే పేపర్లోని సమీకరణాలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూడాలి. ఫైల్ పేరు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.