ఇస్లాంకు ముందు మక్కా నిజంగా సుగంధ ద్రవ్యాల వ్యాపార కేంద్రమా?

బందరు_రేవు:
గ్రూప్స్‌కి చదువుతున్న మా తమ్ముడి నోట్సులో ఇలా ఉంది: "మక్కా సుగంధ ద్రవ్యాల మార్గంలో ప్రధాన కూడలి. ఆ వ్యాపారంతో వచ్చిన సంపద తెగల పాత కట్టుబాట్లను చెదరగొట్టింది. ఆ అశాంతిలోంచే ఇస్లాం పుట్టింది." చాలా పుస్తకాల్లో ఇదే మాట కనిపిస్తుంది. ఇందులో మొదటి వాక్యమే తప్పని నా వాదన.

పరంగి సాంబ్రాణి చెట్లు పెరిగేది అరేబియా దక్షిణ కొసన ఉన్న హద్రమౌత్ (నేటి యెమెన్), ధోఫార్ (నేటి ఒమన్) ప్రాంతాల్లో. అక్కడి నుంచి బిడార్లు షబ్వా, తిమ్నా, మారిబ్, నజ్రాన్ మీదుగా ఉత్తరానికి వెళ్ళి, చివరికి పెట్రా దాటి గాజా చేరేవి. తిమ్నా నుంచి గాజాకు 65 మజిలీలని, సుంకాలు, మేత, నీళ్ళు, కాపలా అన్నీ కలిపి ఒంటెకు 688 దీనారీల ఖర్చని రోమన్ రచయిత ప్లినీ లెక్క చెప్పాడు. అది క్రీ.శ. 1వ శతాబ్దం మాట. అప్పటికే ఓడలు రుతుపవనాల మీద ఎర్ర సముద్రం నుంచి నేరుగా మన దేశ తీరానికి వస్తున్నాయి. ఆ కాలపు గ్రీకు నౌకా వ్యాపార గ్రంథం 'పెరిప్లస్'లో మసాలియా పేరుంది, అక్కడ సన్నని నూలు బట్టలు తయారవుతాయని రాశారు. అది మన కృష్ణా తీరమేనని పండితుల అభిప్రాయం. సాంబ్రాణి కూడా దక్షిణ అరేబియాలోని కానే అనే రేవుకు చేరి ఓడ ఎక్కేదని అదే పుస్తకం చెబుతుంది. ఓడ ఉండగా 65 మజిలీలు నడిచే వ్యాపారం ఎంతకాలం నిలుస్తుంది? పైగా 4వ శతాబ్దం చివర రోమన్ చక్రవర్తి థియోడోసియస్ పాత దేవతల పూజల్ని నిషేధించాడు. ఆ గుళ్ళలో వేసే ధూపానికి గిరాకీ పడిపోయింది. మరి క్రీ.శ. 600 నాటికి మక్కా వాళ్ళు ఏ సాంబ్రాణి అమ్మి కోటీశ్వరులయ్యారు?

కడప_టు_జెడ్డా:
అన్నా, సాంబ్రాణి సంగతి ఒప్పుకుంటా. అంతమాత్రాన వ్యాపారమే లేదంటే ఒప్పుకోను. ఖురాన్‌లో 106వ సూరా (అధ్యాయం) పేరే ఖురైష్, అంటే మక్కాలో ఉన్న ప్రవక్త గారి తెగ. చలికాలంలో ఒక ప్రయాణం, వేసవిలో ఒక ప్రయాణం వాళ్ళకు అలవాటని అందులో స్పష్టంగా ఉంది. చలికి యెమెన్, ఎండకు సిరియా అని వ్యాఖ్యాతలు చెబుతారు. ప్రవక్త గారి ముత్తాత హాషిమ్ వ్యాపారానికి వెళ్ళి గాజాలోనే చనిపోయారని మా పెద్దలు చెప్పే కథనం. ఆ ఊరిని ఇప్పటికీ 'హాషిమ్ గాజా' అంటారు. వ్యాపారం లేని ఊరి మనిషికి గాజాలో ఏం పని?

శాసనం_చూపండి:
ఇద్దరికీ ఒక మాట. ఈ చర్చను వేడెక్కించింది 1987లో వచ్చిన చరిత్రకారిణి పట్రీషియా క్రోన్ పుస్తకం. బందరు గారి వాదన చాలావరకు ఆమెదే. మక్కా దారిలో లేదనీ, దగ్గర్లోనే కొండ మీద పచ్చగా ఉన్న తాయిఫ్ ఊరిని వదిలి బీడు లోయలోకి బిడార్లు ఎందుకు దిగుతాయనీ ఆమె అడిగారు.

కడప_టు_జెడ్డా:
ఆ ప్రశ్నకు నేను చెప్తా, ఆ దారిలో నేను చాలాసార్లు బండి నడిపాను. తాయిఫ్ సుమారు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మక్కా 300 మీటర్ల లోపే. మధ్యలో అల్ హదా ఘాట్. మలుపు తర్వాత మలుపు, బ్రేకులు కాలిన వాసన వస్తుంది. పైన ద్రాక్ష, దానిమ్మ, గులాబీ తోటలు. కింద రాయి తప్ప ఏమీ లేదు. బరువుతో ఉన్న ఒంటెను అక్కడ దింపడమంటే మాటలు కాదు. ఈ విషయంలో క్రోన్ మేడమ్ చెప్పింది నిజమే. కానీ జనం దిగింది నీడ కోసం కాదు కదా, కాబా కోసం. జుల్ ఖాదా, జుల్ హిజ్జా, ముహర్రం, రజబ్, ఈ నాలుగు నెలలు కత్తి తీయకూడదు. ఆ నెలల్లోనే ఉకాజ్, మజన్నా, జుల్ మజాజ్ సంతలు. మన తిరునాళ్ళకు దేవుడి దర్శనం, ఎడ్ల బేరం కలిసే జరగవా?

బందరు_రేవు:
ఆ సంతలు మక్కా బయట జరిగేవి కదా. అయితే యాత్రికుల వల్ల ఖురైషులకు రాబడి ఉందన్నది నిజం. వాళ్ళు తమను 'హుమ్స్' (మత నిష్ఠ గలవాళ్ళు) అని పిలుచుకుని, బయటి యాత్రికులు తమ దగ్గర తీసుకున్న బట్టలతోనే, అవి దొరక్కపోతే నగ్నంగానే కాబా చుట్టూ తిరగాలని నియమం పెట్టారని ప్రవక్త జీవిత చరిత్ర రాసిన ఇబ్న్ ఇస్‌హాఖ్ చెప్పాడు. మతం మీద పట్టు ఎంత ఉందో అక్కడ తెలుస్తుంది. కానీ దాన్ని అంతర్జాతీయ వ్యాపారం అనలేం.

పరీక్షల_టెన్షన్:
సార్, నాదొక డౌట్. ప్రవక్త గారి మొదటి భార్య ఖదీజా గారు సొంత డబ్బుతో సిరియాకు సరుకు పంపేవారని చదివాను. అదే సమాజంలో ఆడపిల్లల్ని బతికుండగా పాతిపెట్టేవారనీ చదివాను. రెండూ ఎలా నిజమవుతాయి?

శాసనం_చూపండి:
రెండూ నిజం కావచ్చమ్మా. అరేబియా అంతా ఒకే సమాజం కాదు. పసిపిల్లను పాతిపెట్టడాన్ని 81వ సూరా ఖండిస్తుంది కాబట్టి ఆ పని ఎక్కడో జరిగేది. అన్ని తెగల్లోనూ జరిగిందనడానికి మాత్రం ఆధారం లేదు. తెగను బట్టి, ఆస్తిని బట్టి స్త్రీ స్థితి మారేది.

మతం గురించి కూడా నోట్సులు ఇలాగే ఒక్క గాటన కట్టేస్తాయి, అది నాకు బాధగా ఉంటుంది. అల్లాత్, ఉజ్జా, మనాత్, హుబల్ అనే దేవతలు, 360 విగ్రహాలు, అంతటితో సరి. కానీ యెమెన్‌లో హిమ్యర్ రాజులు క్రీ.శ. 380 ప్రాంతానికే పాత దేవతల్ని వదిలేశారు. ఆ తర్వాతి శాసనాల్లో 'రహ్మానాన్' అనే ఒక్క దేవుడే కనిపిస్తాడు. యస్రిబ్ (తర్వాతి మదీనా), ఖైబర్‌లలో యూదులున్నారు. నజ్రాన్‌లో క్రైస్తవులున్నారు. 523లో యూదు రాజు యూసుఫ్ వాళ్ళను ఊచకోత కోయిస్తే, ఆక్సుమ్ (నేటి ఇథియోపియా ప్రాంతం) రాజు కాలేబ్ సముద్రం దాటి వచ్చి అతన్ని కూలదోశాడు. ఆ తర్వాత అక్కడ రాజైన అబ్రహా 552 నాటి శాసనం ఇప్పటికీ రాతి మీద ఉంది. విగ్రహాల గురించి మనం ఎక్కువగా ఆధారపడే ఇబ్న్ అల్ కల్బీ రాసింది మాత్రం ఇస్లాం వచ్చిన రెండు వందల ఏళ్ళకు.

కడప_టు_జెడ్డా:
శాసనం గారూ, రాయి మీద లేనిదంతా అబద్ధం కాదు. మా ఇంట్లో నాలుగు తరాల పేర్లు ఏ కాగితం మీదా లేవు, మా నానమ్మకు తెలుసు. అరబ్బులు వంశాలు, కవితలు నోటితోనే మోశారు. ముస్లింలకూ మక్కా వాళ్ళకూ జరిగిన బద్ర్ యుద్ధానికి కారణమైన, ఖురైష్ నాయకుడు అబూ సుఫ్యాన్ బిడారులో వెయ్యి ఒంటెలు, 50,000 దీనార్ల సరుకు ఉందని కథనం. ఆ అంకెను సగానికి తగ్గించి చూసినా అది చిల్లర వ్యాపారం కాదు.

బందరు_రేవు:
భాయ్, ఆ అంకెను నేను నమ్మను. సరుకు మాత్రం ఉండే ఉంటుంది, అయితే అది తోలు. ముస్లింలు కొందరు అబిసీనియాకు (అదే ఆక్సుమ్ రాజ్యం) వలస వెళ్ళినప్పుడు, వాళ్ళను వెనక్కి పంపమని అడగడానికి ఖురైషులు ఆ రాజుకు తీసుకెళ్ళిన కానుక ఏమిటి? పదును చేసిన తోళ్ళు. మక్కా నుంచి వచ్చేవాటిలో ఆయన మెచ్చేవి అవేనని ఇబ్న్ ఇస్‌హాఖే రాశాడు. బంగారం, సాంబ్రాణి ఉన్నవాళ్ళు రాజు దగ్గరికి తోలు పట్టుకెళతారా? రోమన్ సైన్యానికి గుడారాలకు, జీనులకు తోలు గుట్టలుగా కావాలి, దాన్ని మక్కా వాళ్ళు అందించి ఉండొచ్చని తర్వాత క్రోన్ కూడా ఊహించారు. 602 నుంచి 628 దాకా రోమ్, పర్షియా కొట్టుకుంటూనే ఉన్నాయి కాబట్టి ఆ ఊహ నాకు సబబుగానే ఉంది. అందుకే 'వ్యాపారం లేదు' అన్నట్టు రాసిన నా మొదటి పోస్టు సరిదిద్దుకుంటున్నాను. సాంబ్రాణి కూడలి కాదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కడప_టు_జెడ్డా:
అది చాలు అన్నా. తోలు అమ్మి ఏం కొనేవారన్నది కూడా చూడండి. మక్కాకు ధాన్యం వచ్చే మధ్య అరేబియాలోని యమామా ప్రాంత నాయకుడు సుమామా ఇస్లాం తీసుకున్నాక, ప్రవక్త గారు అనుమతిస్తే తప్ప ఒక్క గోధుమ గింజ కూడా మక్కాకు రాదని చెప్పి సరఫరా ఆపేశాడు. ఊరు అల్లాడిపోయింది. ఇందాక నేను చెప్పిన 106వ సూరా చివర ఏముందో చూడండి. మీకు సంపదలిచ్చాడని లేదు, ఆకలికి తిండి పెట్టాడని ఉంది.

బందరు_రేవు:
సుమామా సంగతి నాకు ఇంతవరకు తట్టలేదు. అందరూ మక్కా నుంచి బయటికి వెళ్ళిన సరుకునే వెతికారు, నేనూ అంతే. ఆ ఊళ్ళోకి వచ్చిన ధాన్యం లెక్క ఎవరైనా కట్టారేమో ఇవాళ రాత్రి కూర్చుని చూస్తాను.