ఆంప్ ఆపాక స్పీకర్లో 'భుం' అంటోంది. బయాస్ తప్పా?

గుంటూరు శ్రోత:
అందరికీ నమస్కారం. నా ఆంప్‌లో రెండు ఈఎల్ 34 వాల్వులు, పుష్‌పుల్ (రెండూ చెరోవైపు లాగేవి), ఫిక్స్‌డ్ బయాస్ (విడిగా నెగటివ్ వోల్టేజీ ఇచ్చి వాల్వు కరెంటును అదుపులో పెట్టేది). ప్లేట్ (వాల్వులో ఎలక్ట్రాన్లను లాక్కునే రేకు) మీద 440 వోల్టులు. పాత జత అరిగిపోయిందని కొత్త జత వేసి బయాస్ 36 మిల్లీయాంపులకు పెట్టాను. పాట హాయిగా ఉంది. కానీ స్విచ్ ఆపిన రెండు మూడు సెకన్లకు 'భుం' అని ఒక శబ్దం వచ్చి, స్పీకర్ కోన్ ముందుకు తోసుకొచ్చి వెనక్కి పోతోంది. పాత జతతో ఇంత లేదు. మూడు సంగతులు చెప్పండి. 36 సరేనా? ఈ శబ్దంతో స్పీకర్ పాడవుతుందా? ఆన్ చేశాక ఎంతసేపటికి బయాస్ కొలవాలి?

ఎనిమిదో పిన్ను:
ఎక్కడ కొలిచారో చెప్పలేదు. క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు బయల్దేరే కొన) కింద 1 ఓమ్ రెసిస్టర్ పెట్టి మిల్లీవోల్టులు చదివారనుకుంటా. అందులో స్క్రీన్ (వాల్వులోని రెండో గ్రిడ్) కరెంటు కూడా కలిసే వస్తుంది. అది తీసేయకపోయినా 440 × 36 అంటే 15.8 వాట్లు. ఈఎల్ 34 ప్లేట్ హద్దు 25 వాట్లు. అందులో 70 శాతం 17.5, అంటే 40 మిల్లీయాంపుల దాకా వెళ్లొచ్చు. మీరు లోపలే ఉన్నారు. బయాస్ జోలికి పోకండి.

మైక్‌సెట్ వారసుడు:
మా నాన్న మైక్‌సెట్ నడిపారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుప్పావై అంటే మా ఆంప్లిఫైయరే. ఆ చలిలో పెట్టె మీద చేతులు కాచుకుంటూ పెరిగాను. 30 ఏళ్లుగా వాల్వు సెట్లు బాగు చేస్తున్నాను, ఎప్పుడూ శాతాలు లెక్క కట్టలేదు. గదిలో లైటు తీసేసి ప్లేట్ చూడాలి. మధ్యలో ఎర్రమచ్చ కనిపిస్తే అది పోయేదాకా తగ్గించి, ఇంకొంచెం తగ్గించాలి. అంతే. ఇక ఆ శబ్దం మాకు రోజూ వినిపించేదే. కరెంటు పోగానే హారన్లో 'భొయ్' మని సాగి ఆగేది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఎనిమిదో పిన్ను:
పెద్దవారు, కాదనడం ఇష్టం లేదు కానీ ఇది కొత్తవాళ్లు చదివే చోటు. ప్లేట్ ఎర్రబడిందంటే అప్పటికే హద్దు దాటిపోయింది. 20 వాట్ల దగ్గర నల్లగానే ఉంటుంది, ఆయుష్షు మాత్రం తరుగుతూ ఉంటుంది. కంటికి కనపడదు కాబట్టే మీటర్ కావాలి.

కోఠి కుర్రాడు:
మీటర్ అన్నారు కాబట్టి నా బాధ చెప్తాను. మా ఇంట్లో సాయంత్రం 215 వోల్టులు, అర్ధరాత్రి 245. నా ఆంప్ బయటి దేశం నుంచి వచ్చింది, ట్రాన్స్‌ఫార్మర్‌కు 220 ట్యాపే (మెయిన్స్ కలిపే కొన) ఉంది. సాయంత్రం 215 దగ్గర చక్కగా బయాస్ పెట్టుకున్నాను. రాత్రి 245 వచ్చేసరికి హీటర్ (వాల్వును వేడి చేసే తీగ) 6.3కి బదులు 7 వోల్టులు, హెచ్‌టీ (ప్లేట్‌కు వెళ్లే హై వోల్టేజీ) కూడా అదే లెక్కన పెరిగింది. నాలుగు నెలల్లో జత పోయింది, దాంతోపాటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. దాన్ని మళ్లీ చుట్టించడానికి మూడు వారాలు తిరిగాను. గోడ సాకెట్‌లో ఎంతుందో చూడకుండా బయాస్ గురించి మాట్లాడకండి దయచేసి.

మైక్‌సెట్ వారసుడు:
పిన్ను గారూ, మీరు పుస్తకం చూసి చెప్తున్నారు, నేను చేతులు కాల్చుకుని చెప్తున్నాను. మా దగ్గర జనరేటర్ మీద 190 వోల్టులతో కూడా పెళ్లిళ్లు అయ్యాయి. ఏ మీటర్ కాపాడింది అప్పుడు?

ఎనిమిదో పిన్ను:
వోల్టేజీ తక్కువుంటే వాల్వు బతుకుతుంది. ఎక్కువుంటేనే చస్తుంది. మీ ఉదాహరణ నా మాటకే సాక్ష్యం.

మైక్‌సెట్ వారసుడు:
సాక్ష్యాలకు ఇది కోర్టు కాదు. ఆ గుంటూరు అబ్బాయి శబ్దం గురించి అడిగితే మీరు పాఠం మొదలుపెట్టారు.

పాత రేడియో పిచ్చి:
ఇద్దరూ ఆగండి. ఆయన అడిగింది ఆపాక వచ్చే శబ్దం గురించి. స్విచ్ తీశాక హీటర్ వెంటనే చల్లారదు, పది పదిహేను సెకన్లు వాల్వు పనిచేస్తూనే ఉంటుంది. హెచ్‌టీ కెపాసిటర్లలో వోల్టేజీ నిలిచే ఉంటుంది. ఈలోగా బయాస్ కెపాసిటర్ మాత్రం త్వరగా ఖాళీ అయిందంటే గ్రిడ్ (కరెంటును అదుపు చేసే తీగ వల) మీద నెగటివ్ పోతుంది. ఇక వాల్వులకు పగ్గం ఉండదు, కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. అదే మీ 'భుం'.
అయితే పుష్‌పుల్‌లో రెండు వాల్వులూ సమానంగా లాగితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. కోన్ అంతగా కదులుతోందంటే జతలో తేడా ఉందని నా అనుమానం. శ్రోత గారూ, రెండు వాల్వులనూ కొలిచారా, ఒకదాన్నేనా?

డాలస్ వాసి:
నా గిటార్ ఆంప్‌లో ఈఎల్ 84లు, క్యాథోడ్ బయాస్. ఈ గొడవే లేదు. విడిగా నెగటివ్ సప్లయ్ ఉండదు కాబట్టి కూలిపోయేదీ లేదు. వాల్వు మార్చినా దాదాపుగా తనంతట తనే సర్దుకుంటుంది. అందరూ ఇదే ఎందుకు వాడరో నాకు అర్థం కాదు.

ఎనిమిదో పిన్ను:
క్యాథోడ్ రెసిస్టర్ మీద పడే వోల్టులు వాల్వుకు దక్కవు, పవర్ తగ్గుతుంది. అందుకే.

గుంటూరు శ్రోత:
ఒకదాన్నే కొలిచాను. రెంటికీ కలిపి బయాస్ తిప్పే ప్రీసెట్ ఒకటే ఉంది, మ్యాచ్డ్ జత (రెండూ సమానంగా లాగేవి) అన్నారు, నమ్మాను. ఇప్పుడు రెండోది చూస్తే 47! రెండు సాకెట్ల మధ్య మార్చి చూశాను, 47 ఆ వాల్వుతోపాటే వెళ్లింది.

ఎనిమిదో పిన్ను:
47 అంటే 20.7 వాట్లు. ఎర్రబడిందా?

గుంటూరు శ్రోత:
లేదండి. లైటు తీసేసి మరీ చూశాను.

ఎనిమిదో పిన్ను:
మైక్‌సెట్ గారు ఈ మాట చదవాలి.

మైక్‌సెట్ వారసుడు:
చదివాను. హెచ్‌టీ ఉన్న పెట్టెలో చెయ్యి పెట్టే కుర్రాడి మీదే నా టెన్షన్, మీ గెలుపు మీద కాదు. బాబూ, కండెన్సర్లు స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి అప్పుడు ముట్టుకో.

పాత రేడియో పిచ్చి:
స్క్రూడ్రైవర్ వద్దు. ఆ మెరుపుకు కెపాసిటర్ దెబ్బతింటుంది, మొన చిట్లి కంట్లో పడొచ్చు. 220 కిలో ఓమ్, 3 వాట్ల రెసిస్టర్ హెచ్‌టీకి అడ్డంగా శాశ్వతంగా వేయండి. 100 మైక్రోఫారాడ్ ఉంటే 22 సెకన్లకు సుమారు మూడో వంతుకు వస్తుంది. అప్పటికీ 160 వోల్టులు ఉంటాయి, రెండు నిమిషాలు ఆగి, మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. బయాస్ కొలవాలంటే మీటర్ క్లిప్పులు ముందే తగిలించి, మూత దూరంగా పెట్టి, అప్పుడు ఆన్ చేయండి. స్పీకర్ తగిలించకుండా మాత్రం ఆన్ చేయొద్దు.

గుంటూరు శ్రోత:
చూశాను. ఆపిన రెండు సెకన్లకు బయాస్ మైనస్ 38 నుంచి మైనస్ 9కి పడిపోతోంది, హెచ్‌టీ ఇంకా 340 ఉంది. బయాస్ కెపాసిటర్ 22 మైక్రో, తల ఉబ్బి ఉంది. 100 మైక్రో, 100 వోల్టులది తెచ్చాను.

కోఠి కుర్రాడు:
పాజిటివ్ కాలు ఛాసిస్‌కు వెళ్లాలి! నెగటివ్ సప్లయ్ అది. అలవాటుగా తిప్పి పెట్టి నేను పేల్చాను, ఇల్లంతా వాసన.

గుంటూరు శ్రోత:
మంచి సమయానికి చెప్పారు, నేనూ అలాగే తిప్పి పెట్టబోయాను. కెపాసిటర్ మార్చాక శబ్దం చాలా తగ్గింది, కోన్ కొద్దిగా కదులుతుంది. జత వాపసు పంపుతున్నాను. ఇంకా ఆపగానే ఒక చిన్న 'టక్' వస్తోంది.

డాలస్ వాసి:
అది స్విచ్ లోపలి నిప్పురవ్వ. స్విచ్‌కు అడ్డంగా ఎక్స్‌2 రకం కెపాసిటర్ 0.01 మైక్రో వేయండి. మామూలు రకం మెయిన్స్‌కు పనికిరాదు.

కోఠి కుర్రాడు:
శ్రోత గారూ, కొత్త జత ఎక్కడ కొంటున్నారు? గుజరాతీ గల్లీలో నాకు విడివిడిగానే దొరికాయి.

మైక్‌సెట్ వారసుడు:
నా దగ్గర నాన్న వదిలేసిన వాల్వులు ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. బెంగళూరు బీఈఎల్ వాళ్లు చేసిన ఈఎల్ 84లు పది దాకా, ఈఎల్ 34లు నాలుగు. ఆదివారం తీసి ఒక్కోటి కొలుస్తాను. పిన్ను గారూ, ఆ 1 ఓమ్ ఎన్ని వాట్లది వేయాలి?