వృషణాల ఎదుగుదలను మొదలుపెట్టే ఎస్‌ఆర్‌వై జన్యువు సరిగానే ఉంది, తర్వాత ఏ పరీక్ష చేయించాలి?

మాది అమలాపురం దగ్గర పల్లె. మా అక్క కూతురికి 16 నిండినా రజస్వల కాలేదు. జనవరిలో స్కానింగ్ చేయిస్తే చిన్న గర్భాశయం కనిపించింది, అండాశయాలు కనిపించలేదు. అండాశయాలను పనిచేయించే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ 82, అంటే చాలా ఎక్కువ. కాకినాడలో రక్తమిచ్చి క్రోమోజోముల పరీక్ష చేయించాం: చూసిన 30 కణాల్లోనూ 46, ఎక్స్‌వై, అంటే మామూలుగా మగవాళ్లలో ఉండే క్రోమోజోములు. స్వయర్ సిండ్రోమ్ అన్నారు. అండాశయాలో వృషణాలో కావలసిన బీజకోశాలు ఎదగక పట్టీల్లా మిగిలిపోయాయట. వాటిలో కణితి పుట్టే ప్రమాదం ఉందంటే మార్చిలో తీయించి, హార్మోన్ మాత్రలు మొదలుపెట్టాం.

అమ్మాయి అమ్మాయే, మా ఇంట్లో ఎవరికీ ఆ అనుమానం లేదు. కానీ రిపోర్టులో ఆ రెండక్షరాలున్న చోట కాగితం లోపలికి మడిచి పెట్టుకుంది. "ఎందుకిలా జరిగింది పిన్నీ" అని రోజూ అడుగుతోంది.

ఎస్‌ఆర్‌వైని పూర్తిగా చదివించాం (సీక్వెన్సింగ్), మార్పేమీ లేదు. అక్కాబావలది మేనరికం. అందుకే, రెండు ప్రతుల్లోనూ లోపముంటేనే బయటపడే డీహెచ్‌హెచ్ అనే జన్యువు మీద నాకు అనుమానం. ఆ లోపంతో కొందరిలో వచ్చే నరాల బలహీనత, కాళ్ల తిమ్మిర్లు మాత్రం తనకు లేవు. పదేళ్ల చెల్లెలు ఉంది కాబట్టి కారణం తేలాలి.

ముందు డీహెచ్‌హెచ్ ఒక్కటే చదివించాలా, లేక ఎన్‌ఆర్5ఏ1, మ్యాప్3కే1 జన్యువులు కూడా కలిపి ఒకేసారి చదివే ప్యానెల్ చేయించాలా?