చవక జూమ్ టార్చిలైటును ఇంట్లోనే పరీక్షించుకోవడం ఎలా?

ప్రశ్న: పటమట వాసి, విజయవాడ

అందరికీ నమస్కారం. పోయిన వారం బీసెంట్ రోడ్డులో 380 రూపాయలు పెట్టి ఒక జూమ్ టార్చిలైటు కొన్నాను. తలభాగాన్ని ముందుకు లాగితే వెలుగు ఒకచోట కూడుకుంటుంది, వెనక్కి నెడితే గది నిండా పరుచుకుంటుంది. దానితోపాటు ఒక 18650 బ్యాటరీ, టీవీ రిమోటులో వేసే సన్న సెల్లులు మూడు పట్టే గూడు, ఛార్జింగు తీగ ఇచ్చారు. పెట్టె మీద వెలుగు 500 మీటర్లు పడుతుందనీ, బ్యాటరీ 6800 ఎంఏహెచ్ (అది దాచుకోగల ఛార్జి కొలత) అనీ, లోపల ఉన్నది ‘టీ6’ ఎల్ఈడీ అనీ రాసి ఉంది.

నా అవసరాలు చిన్నవే. రాత్రిపూట కరెంటు పోతే మా అమ్మ మేడ మెట్లు దిగాలి, ఆమెకు మోకాళ్ల నొప్పులున్నాయి. నేను నెలకు రెండుసార్లు తెల్లవారుజామున నాలుగు గంటలకు నెహ్రూ బస్టాండుకు బయలుదేరతాను, మా సందులో వీధిదీపం సరిగా వెలగదు. వస్తువు చేతిలో బాగానే ఉంది కానీ, అమ్మ చేతికి ఇచ్చేముందు దీన్ని నమ్మవచ్చో లేదో తేల్చుకోవాలి. నా దగ్గర ఫోను తప్ప వేరే పరికరం లేదు. ఏమేమి చూడాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: ఆటోనగర్‌లో ఎలక్ట్రానిక్ మరమ్మతులు చేసేవాడిని

ముందుగా బ్యాటరీని బయటకు తీసి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టించండి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గుండ్రని సెల్లు అని అర్థం. ఆ కొలతలో పేరున్న కంపెనీలు చేసే మంచి సెల్లులు కూడా దాదాపు 3500 ఎంఏహెచ్ దగ్గరే ఆగిపోతాయి కనుక, 6800 అన్న మాటను అక్కడే పక్కన పెట్టవచ్చు. మంచి సెల్లు సుమారు 45 గ్రాములు తూగుతుంది. 30 గ్రాములకు అటూ ఇటూగా ఉంటే లోపల సరుకు తక్కువని గ్రహించండి. ‘టీ6’ సంగతీ అంతే. అది క్రీ సంస్థ తన ఎల్ఈడీలను వెలుగును బట్టి వేరుచేయడానికి వాడిన గుర్తు. ఆ గుర్తు ఇప్పుడు ఏ పెట్టె మీద పడితే ఆ పెట్టె మీద కనిపిస్తోంది, కాబట్టి దాన్ని బట్టి ఏమీ తేల్చలేం.

ఇక వెలుగు. ఫోనులో లక్స్, అంటే ఒకచోట పడే వెలుగు ఎంతో, కొలిచే యాప్ ఒకటి దించుకోండి. గోడలు తెల్లగా ఉన్న చిన్న గదిలో, రాత్రి తలుపు మూసి, టార్చిని నేల మీద నిలబెట్టి వెలుగును కప్పు మీదకు కొట్టండి. ఫోనును దాని పక్కనే వెల్లకిలా పెట్టి, కదపకుండా అంకె రాసుకోండి. ఫోను చెప్పే లక్స్ కచ్చితంగా ఉండదు, అయినా ఒకే ఫోను, ఒకే చోటు కనుక ఒక అంకెను మరో అంకెతో పోల్చుకోవడానికి చక్కగా పనికివస్తుంది. ఇలా మొదట ఒకసారి, తరువాత పది నిమిషాలకు, అరగంటకు, గంటకు, రెండు గంటలకు రాస్తూ పోండి. టార్చిలైట్లకు వాడుకలో ఉన్న ప్రమాణం ప్రకారం వెలుగు మొదటి దానిలో పదోవంతుకు పడిపోయేవరకూ ‘వెలిగిన సమయం’గానే లెక్కిస్తారు. మెట్ల మీద ఆ పదోవంతు వెలుగు చాలదు. సగానికి పడిపోయిన సమయమే మీకు కావలసిన లెక్క. మన కన్ను నెమ్మదిగా తగ్గే వెలుగును పసిగట్టలేదు కనుకనే అంకె రాసుకోమంటున్నాను.

అదే గదిలో జూమ్ లాగి మరొకసారి కొలవండి. అంకె చాలా తగ్గుతుంది, కంగారుపడకండి. కటకం ఎల్ఈడీకి దూరంగా జరిగినప్పుడు పక్కలకు పోయే వెలుగు గొట్టం లోపలి గోడకే తగిలి వృథా అవుతుంది. మధ్యలో చుక్క ప్రకాశవంతంగా కనిపించినా మొత్తం మీద బయటికి వచ్చే వెలుగు తక్కువే. గోడ మీద పడే ఆ పసుపు చాయ చతురస్రాన్ని దగ్గరగా చూడండి, అంచుల దగ్గర వెంట్రుకల్లాంటి గీతలు కూడా కనిపించవచ్చు. అది ఎల్ఈడీ బిళ్ల రూపమే, కటకం దాన్ని పెద్దది చేసి చూపిస్తోంది. అంచు పదునుగా కనబడితే కటకం బాగున్నట్టే.

దూరం లెక్క కూడా ఇంట్లోనే కట్టవచ్చు. జూమ్ పూర్తిగా లాగి, సరిగ్గా ఐదు మీటర్ల అవతల చుక్క నడిమధ్యలో లక్స్ చూడండి. దాన్ని 25తో హెచ్చవేస్తే కాండెలాలు, అంటే ఆ దిక్కుకు పోయే వెలుగు తీవ్రత, వస్తాయి. వాటి వర్గమూలాన్ని రెట్టింపు చేస్తే, వెలుగు పావు లక్స్‌కు, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెలంతకు, తగ్గిపోయే దూరం మీటర్లలో వస్తుంది. 500 మీటర్లకు 62,500 కాండెలాలు కావాలి.

ఛార్జింగు విషయం మాత్రం తేలికగా తీసుకోకండి. పూర్తిగా ఎక్కిన తరువాత సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు. దగ్గరలోని మరమ్మతు దుకాణంలో ఎవరైనా మల్టీమీటరుతో నిమిషంలో చూసిపెడతారు. మొదటి రెండు మూడు సార్లు మీరు మెలకువగా ఉన్నప్పుడే, రాతిబండ మీద పెట్టి ఛార్జి చేయండి.

జవాబు 2: సింగ్‌నగర్ నుంచి

నేను పైవారంత శాస్త్రీయంగా చెప్పలేను, అనుభవం మాత్రం ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద వచ్చినప్పుడు మేము మేడ మీద చిక్కుకుపోయాము, రోజుల తరబడి కరెంటు లేదు. నా దగ్గర ఇలాంటివే రెండు టార్చిలైట్లు ఉండేవి. ఒకదాన్ని గ్లాసులో నిలబెట్టి కప్పు మీదకు కొట్టి, తక్కువ వెలుగులో పెట్టుకుంటే గదిలో ఎనిమిది మందికి అన్నం తినడానికి సరిపోయింది. రెండవదానితో పడవల వారికి కనబడాలని వానలో నిలబడి జూమ్ లాగడం, నెట్టడం చేశాను. మరునాటికి కటకం లోపల ఆవిరి పట్టి, ఆ సాయంత్రానికి వెలగడం మానేసింది. తల లాగిన ప్రతిసారీ అది పిచికారీలా గాలిని లోపలికి పీల్చుకుంటుందనీ, రబ్బరు రింగు వదులుగా ఉంటే గాలితోపాటు తడి కూడా పోతుందనీ తరువాత తెలుసుకున్నాను. వానలో వాడవలసి వస్తే జూమ్ ఒకేచోట ఉంచండి. తల లాగి వదిలినప్పుడు దానంతట అదే జారుతుందేమో కూడా చూడండి, జారితే రింగు అరిగిందని అర్థం.

జవాబు 3: ప్రత్తిపాడు వైపు మిర్చి రైతును, గుంటూరు జిల్లా

నేను రాత్రి మోటారు దగ్గరకు వెళ్లడానికి ఇలాంటి లైటే వాడతాను. గట్టు మీద నడిచేటప్పుడు జూమ్ అసలు ముట్టుకోను. చుక్కలా పడే వెలుగులో ఆ చుక్క తప్ప చుట్టూ ఏమీ కనబడదు, పాము పక్కనే ఉన్నా తెలియదు. వెలుగును పరిచి కాళ్ల ముందు రెండు బారల మేర కొట్టుకుంటూ నడుస్తాను. బోదెల్లో నీళ్లు చివరి దాకా పారాయో లేదో గట్టు మీద నిలబడి చూడాలన్నప్పుడే లాగుతాను. ఒక మాట చెప్పాలి. బాగా నీలి తెలుపుగా ఉండే వెలుగులో తడి మట్టికీ పొడి మట్టికీ తేడా తెలుసుకోవడం కష్టం. కొంచెం పసుపు కలిసిన తెలుపు దొరికితే అదే తీసుకోండి.

మీ అమ్మగారికి ఇస్తానన్నారు కనుక బటన్ సంగతి ముఖ్యమండి. చాలా లైట్లలో ఎక్కువ, తక్కువ, తరువాత మిణుకు మిణుకుమనే వెలుగు అదే బటన్ మీద వరుసగా వస్తాయి. కొన్ని ఆర్పి వెంటనే వెలిగిస్తే తరువాతి దానికి మారిపోతాయి. మెట్ల మధ్యలో ఆ మిణుకు వెలుగు వస్తే కళ్లు తిరుగుతాయి. ఆమె చేతికిచ్చి, చీకట్లో పదిసార్లు వేయించి ఆర్పించి చూడండి.

పటమట వాసి: ఫలితాలు

ముగ్గురికీ నా హృదయపూర్వక ధన్యవాదాలు. వారం రోజులు కూర్చుని అన్నీ చూశాను. సెల్లు 29 గ్రాములే తూగింది. కప్పు మీదకు కొట్టిన పరీక్షలో మొదట 42 ఉన్న అంకె అరగంటకు 27కు, 50 నిమిషాలకు 21కి, రెండు గంటలకు 6కు వచ్చింది. అంటే గంట తిరగకుండానే సగమైపోయింది, నేను మాత్రం కంటితో ఆ తేడా గమనించనే లేదు. జూమ్ లాగితే 42 కాస్తా 18 అయింది. ఐదు మీటర్ల దగ్గర 320 లక్స్ వచ్చింది. లెక్క కడితే 8000 కాండెలాలు, సుమారు 179 మీటర్లు. కాలువగట్టు మీద నిజంగా మనిషిని మనిషిగా పోల్చుకోగలిగినది అందులో సగం దూరం కూడా లేదు, అయినా మా సందు పొడవు అంతకంటే చిన్నదే. ఛార్జింగు తరువాత 4.19 వోల్టులు చూపించింది, అక్కడ భయం లేదు.

బటన్ దగ్గరే అమ్మ ఇబ్బంది పడింది. పదిసార్లలో మూడుసార్లు మిణుకు వెలుగు వచ్చింది, రెండవసారి రాగానే గోడ పట్టుకుని నిలబడిపోయింది. కాబట్టి ఈ లైటును నా బస్టాండు ప్రయాణానికి ఉంచుకుని, పేరున్న కంపెనీ సెల్లు ఒకటి వేస్తున్నాను. అమ్మకు ఒకే బటన్, ఒకే వెలుగు ఉన్న మామూలు టార్చి వెతుకుతున్నాను, గుంటూరు పట్నంబజారులో గానీ ఇక్కడ వన్‌టౌన్‌లో గానీ అలాంటిది కనబడితే చెప్పగలరు.